ఎకరం అమ్మే ముందు ఒక నెల ఆగండి

ప్రశ్న: నేను నరసరావుపేటలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. బయోటెక్నాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ నా సబ్జెక్టులు. జీవుల మొత్తం డీఎన్‌ఏను చదివే జీనోమిక్స్‌లో ఎమ్మెస్సీ చేయాలని గట్టి కోరిక. మా మేనత్త కొడుకు పుట్టినప్పటి నుంచి కండరాల జబ్బుతో మంచం మీదే ఉన్నాడు. మేనరికం వల్లే అంటారు గానీ అది ఏ జబ్బో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఒక కన్సల్టెన్సీవాళ్లు బ్రిటన్‌లో ఏడాది కోర్సు ఉందని, చేరితే ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. నాన్న ఒక ఎకరం అమ్ముతానంటున్నారు. ఇంటర్ నుంచి నాకు లెక్కలు లేవు. కంప్యూటర్ అంతంతమాత్రం. నేను ఈ చదువుకు పనికొస్తానా?
– ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ మేనత్తగారి అబ్బాయి సంగతి చెబుతాను. మీ చదువు పూర్తయ్యేదాకా అతను ఆగనక్కర్లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పాత రిపోర్టులన్నీ తీసుకుని అక్కడ చూపించండి. వెళ్లే ముందు ఒక తెల్లకాగితం మీద మూడు తరాల చుట్టరికం గీయండి. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరు పసితనంలోనే పోయారు, ఎవరికి గర్భాలు నిలవలేదు, ఇలాంటి బలహీనత ఇంకెవరిలోనైనా కనిపించిందా, అన్నీ రాయండి. ఇళ్లల్లో ఈ మాటలు ఎవరూ తేలిగ్గా బయట పెట్టరు. అమ్మమ్మల, నాయనమ్మల దగ్గర కూర్చుని ఓపికగా అడిగితేనే వస్తాయి. డాక్టరుకు ఆ కాగితం ఎంత విలువైనదో, అలాంటి కేసులు చూసిన మనిషిగా చెబుతున్నాను. దాన్ని మీరే గీయండి. జన్యుశాస్త్రంలో మీరు చేసే మొదటి పని అదే అవుతుంది.

ఇక ఎకరం. ఈ ఏడాది దాన్ని అమ్మనివ్వకండి. బ్రిటన్ చదువు చెడ్డదని నా ఉద్దేశం కాదు. కానీ లెక్క చూడండి. విదేశీ విద్యార్థులకు చాలాచోట్ల ఫీజే పాతిక వేల పౌండ్లు దాటుతుంది, అంటే ముప్పై లక్షల రూపాయలకు దగ్గర. గది అద్దె, తిండి, వీసా, ఆరోగ్య సర్‌చార్జి వేరు. పన్నెండు నెలల్లో ఎక్కువ భాగం తరగతులకే పోతుంది, ప్రాజెక్టుకు మిగిలేది ఒక వేసవి. కంప్యూటర్ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది చేతికి అలవాటయ్యేలోపే కోర్సు ముగుస్తుంది. చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువును కూడా రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. 2027 జనవరి 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు అది వర్తిస్తుంది. ఉద్యోగం ఖాయమని ఏ కన్సల్టెన్సీ చెప్పినా, ఆ మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. వాళ్లు ఏం చేస్తారో మీ నాన్నగారిని స్వయంగా చూడనివ్వండి.

విదేశాలకు వెళ్లాలన్న కోరిక ఉంటే పీహెచ్‌డీకి వెళ్లండి. అమెరికాలో సైన్సు పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తారు. యూరప్‌లో చాలాచోట్ల అది జీతంతో కూడిన ఉద్యోగమే. ఇక్కడ మంచి ఎమ్మెస్సీ, గట్టి ప్రాజెక్టు చేసినవాళ్లు పొలం ముట్టుకోకుండా విమానం ఎక్కడం నేను చూస్తూనే ఉన్నాను.

పనికొస్తారా అని అడిగారు. అది తేలాలంటే ఈ రంగంలో రోజూ చేసే పని ఏమిటో తెలియాలి. మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. అక్షరాలంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయనాలే. ఎక్కువగా వాడే సీక్వెన్సింగ్ యంత్రాలు వాటిని ఒకే బారుగా చదవవు. నూట యాభై అక్షరాల చొప్పున కోట్ల కొద్దీ ముక్కలు ఇస్తాయి. వాటిని ప్రామాణిక జీనోమ్‌తో సరిపోల్చి ఎక్కడి ముక్కను అక్కడ కూర్చాలి. అలా కూర్చాక ఒక్కో మనిషిలో నలభై, యాభై లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. దాదాపు అన్నీ నిరపాయమైనవే. మీ మేనత్తగారి అబ్బాయి లాంటి బిడ్డ విషయంలో, ఆ లక్షల్లో జబ్బుకు కారణమైన ఒకటి రెండు తేడాలను పట్టుకోవాలి. పట్టుకున్నాక అది నిజంగా కారణమేనా, కాకతాళీయమా అని నిలదీయాలి. ఆధారం చాలకపోతే 'అర్థం తేలని తేడా' అని రిపోర్టులో రాయాలి. ఆశగా ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల ముందు ఆ మాట రాయడానికి గుండె నిబ్బరం కావాలి, కానీ రాయాల్సిందే.

ఈ పనిలో ల్యాబ్‌లో ద్రవాలు కొలిచే పిపెట్ పట్టుకునే గంటలు తక్కువ, తెర ముందు కూర్చునే గంటలు ఎక్కువ. కాబట్టి కంప్యూటర్ తప్పదు. లెక్కల్లో కావలసింది సంభావ్యత, గణాంకాలు. ఇంటర్ ఎంపీసీ పిల్లలు చేసే కలన గణితమంతా అక్కర్లేదు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు ఇది నేర్చుకోలేరన్న మాట నేను ఒప్పుకోను. మా ల్యాబ్‌కు ప్రాజెక్టు కోసం మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి, ఈ పనికి వాడే కంప్యూటర్లను నడిపే లైనక్స్ అన్న మాటే కొత్త. హాస్టల్‌లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద రాత్రిళ్లు సాధన చేసింది. ప్రాజెక్టు ముగిసేనాటికి ఇంజినీరింగ్ చదివిన పిల్లలు ఆమె రాసిన స్క్రిప్టులు అడిగి తీసుకునేవారు. ఆమెకు ఉన్నదల్లా జీవశాస్త్రం మీద గట్టి పట్టు. ఒక ఫలితం తప్పని వాసన పట్టేది ఆ పట్టే.

మీరు ఒక నెల ఈ పని చేసి చూడండి. ఖర్చేమీ లేదు. ఎన్‌సెంబుల్ అనే ఉచిత జీనోమ్ బ్రౌజర్ తెరిచి, హెచ్‌బీబీ అనే జన్యువును వెతకండి. హీమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు అది. 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. సికిల్‌సెల్ జబ్బుకు మూలం అందులో ఒకే ఒక్క అక్షరం మారడం. జీఏజీ అనే మూడక్షరాల మాట కాస్తా జీటీజీ అవుతుంది, దాంతో ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వేలీన్ వచ్చి చేరుతుంది. మీ పాఠ్యపుస్తకంలో అది ఆరో స్థానమని ఉంటుంది, బ్రౌజర్‌లో ఏడోది అని కనిపిస్తుంది. పుస్తకంలో 'ఏ' అక్షరం స్థానంలో 'టీ' వచ్చిందని ఉంటే, క్రోమోజోమ్ మీద 'టీ' స్థానంలో 'ఏ' వచ్చిందని ఉంటుంది. ఈ రెండు వైరుధ్యాలూ ఎందుకొచ్చాయో ఎవరినీ అడగకుండా మీరే కనుక్కోండి. ఆ తర్వాత గెలాక్సీ అనే ఉచిత వేదికలో, అక్కడే ఇచ్చిన పాఠాల సాయంతో చిన్న సీక్వెన్సింగ్ డేటాను మొదటి నుంచి చివరిదాకా నడిపించండి. పక్కనే గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టండి. స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ వైరుధ్యం తేలేదాకా మీకు నిద్ర పట్టకపోతే ఈ చదువు మీదే. విసుగుపుట్టి పక్కన పెట్టేస్తే, నెల రోజుల్లో విషయం తేలిపోయింది, ఎకరం మిగిలింది.

ఎక్కడ చదవాలన్నది తర్వాతి మాట. కాసరగోడ్ దగ్గరున్న కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీనోమిక్ సైన్స్ పేరుతోనే ఎమ్మెస్సీ ఉంది. దానికి సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియాలో జెనెటిక్స్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హ్యూమన్ జెనెటిక్స్ ఉన్నాయి. ఉస్మానియాకు సీపీగెట్, విశాఖకు ఏపీ పీజీసెట్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీకి గ్యాట్-బి రాయాలి. పట్టాలో 'జీనోమిక్స్' అన్న మాట లేకపోతే నష్టమని భయపడకండి. ఉద్యోగానికైనా, పీహెచ్‌డీకైనా ఇంటర్వ్యూలో మేం అడిగేది ప్రాజెక్టు గురించే. ఏ డేటా, ఎవరి దగ్గర చేశావు, ఎక్కడ చిక్కుకున్నావు, ఎలా బయటపడ్డావు అని అడుగుతాం. అందుకే కాలేజీ ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లకు ఫోన్ చేయండి. నిరుడు వాళ్ల ప్రాజెక్టులు ఎక్కడ జరిగాయి? ప్రోగ్రామింగ్‌కు విడిగా ప్రాక్టికల్ పరీక్ష ఉందా, లేక రికార్డు పుస్తకంలో రాయించి వదిలేస్తారా? డేటా నడిపించడానికి విభాగానికి సొంత సర్వర్ ఉందా? జవాబులు నీళ్లు నములుతున్నట్టు వస్తే ఆ కాలేజీని జాబితాలో కిందికి దించండి.

హైదరాబాద్ దగ్గర్లో ఉండటం ఈ విషయంలో పెద్ద వరం. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇలాంటి పనికి పెట్టింది పేరు. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకు వాళ్లకు ముందుగానే, కనీసం ఆర్నెల్ల ముందు రాయండి. ఒకే ఉత్తరం పదిమందికి పంపకండి. ఆ శాస్త్రవేత్త రాసిన ఒక్క పరిశోధన పత్రమైనా చదివి, అందులో మీకు అర్థంకానిది ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి. అలాంటి ఉత్తరాలకు నేనైతే తప్పకుండా జవాబిస్తాను. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్-నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ చేస్తూ ఇంటికి భారం కాకుండా బతకవచ్చు.

మేనరికం గురించి ఒక మాట చెప్పాలి. దగ్గరి సంబంధాల్లో, ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ మన దగ్గర కథ అక్కడితో అయిపోదు. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక అధ్యయనం దక్షిణాసియాలోని ఎన్నో సముదాయాలను పరిశీలించింది. చాలా సముదాయాలు కొద్దిమంది పూర్వికుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంతో, నేరుగా మేనరికం లేకపోయినా కొన్ని లోపాలు వాటిలో గూడు కట్టుకున్నాయని చూపింది. మన వైశ్యులు ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. ఆపరేషన్ వేళ కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొన్ని నిమిషాల్లో పోతుంది. వీరిలో కొందరికి దాన్ని విడగొట్టే ఎంజైమ్ లోపించడం వల్ల గంటల తరబడి పోదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతే. ఒక చిన్న సమాచారం ప్రాణం కాపాడుతుంది. ఇలాంటివి మన జిల్లాల్లో ఇంకెన్ని ఉన్నాయో వెతకాల్సినవాళ్లు మన భాష తెలిసినవాళ్లే. ఇంట్లో కూర్చుని చుట్టరికాలు అడిగి రాబట్టగలిగేది వాళ్లే కదా.

ప్రపంచంలోని జీనోమ్ డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవారిది. ఆ లోటు తీర్చడానికే 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దాదాపు పదివేల మంది భారతీయుల జీనోమ్‌లు చదివి, 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు తెరిచింది. చదివింది యంత్రాలు. దాన్ని అర్థం చేసుకునే మనుషులు ఇంకా చాలామంది కావాలి. మీరు ఆ పనికి రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అప్పుతో మాత్రం కాదు.

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేశాను. జీనోమిక్స్ అంటే ఎక్కువగా మనుషుల జబ్బుల గురించే అంటున్నారు. పంటల వైపు ఉంటే భవిష్యత్తు తక్కువా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఎవరన్నారో గానీ ఆ మాట మనసులోంచి తీసేయండి. తెలుగునాట జన్యు పరిజ్ఞానం ఇంటింటి కంచంలోకి వచ్చింది పంటల దారిలోనే. బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి, తినడానికి ఎంత బాగుంటుందో బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు అంత సులువుగా లొంగుతుంది. సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చాయి. వాటిలో ఎక్స్‌ఏ21 అనేది మొదట ఆఫ్రికా అడవి వరిలో దొరికింది. ఇందులో జన్యుమార్పిడి లేదు. మామూలు సంకరమే చేసి, మొక్క చిన్నగా ఉన్నప్పుడే ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, మూడు జన్యువులూ ఉన్నవాటిని మాత్రమే తర్వాతి తరానికి ఉంచారు. అలా తయారైన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. గింజ నాణ్యత చెడకుండా తెగులు ఒక్కటే తీసేయడం ఎంత నేర్పుతో కూడిన పనో, వరి పండించే ఇంటి నుంచి వచ్చినవారు ఇట్టే గ్రహిస్తారు.

తర్వాత ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జీనోమ్ 2012లో, శనగ జీనోమ్ 2013లో ప్రచురితమయ్యాయి. 2025 మేలో రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ అదే సాంబ మసూరిలో, గింజల సంఖ్యను ప్రభావితం చేసే ఒక జన్యువును సవరించి 'కమల' అనే రకాన్ని ప్రకటించింది. దాని దిగుబడి మీద, అనుమతుల మీద చర్చ నడుస్తోంది. నడవాలి కూడా. ఆ చర్చలో డేటా చదవగలిగిన వ్యవసాయ పట్టభద్రులు ఉంటే అందరికీ మంచిది.

మీరు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) పీజీ ప్రవేశ పరీక్ష రాసి, జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ గానీ మాలిక్యులర్ బయాలజీ అండ్ బయోటెక్నాలజీ గానీ తీసుకోండి. నా మొగ్గు మొదటిదాని వైపు. కంప్యూటర్ పని తర్వాతైనా నేర్చుకోవచ్చు. వందల వరుసల మధ్య నడుస్తూ ఏ మొక్క తేడాగా ఉందో కంటితో పట్టుకోవడం మాత్రం పొలంలోనే, గురువు పక్కనే వస్తుంది. యంత్రం ఎన్ని కోట్ల అక్షరాలు చదివినా, ఏ మొక్కకు తెగులు వచ్చింది, దేనికి రాలేదు అన్న పట్టిక తప్పుగా ఉంటే ఆ చదువంతా వృథా.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్సీ జెనెటిక్స్‌లో చేరాడు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ఉంది కదా, అక్కడ ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: దొరకవచ్చమ్మా, కానీ ఎలాంటి ఉద్యోగమో తెలుసుకుని ఆశపెట్టుకోండి. అక్కడ ఎక్కువగా ఉన్నవి టీకాలు, మందుల తయారీ, ఇతర కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే సంస్థలు. నాణ్యత పరీక్షలు, కణాల పెంపకం, ఉత్పత్తి వంటి పనులకు మనిషిని తీసుకుంటారు. మంచి ఉద్యోగాలే. జన్యు పరీక్షల రిపోర్టులు తయారుచేసే పని కావాలంటే హైదరాబాద్, బెంగళూరుల్లోని రోగనిర్ధారణ సంస్థలు చూడాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలంత ఉండదు. పక్కింటివాళ్లతో పోల్చి అబ్బాయిని బాధపెట్టకండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ల అనుభవం ఉంది. జీనోమిక్స్‌లోకి మారాలనుంది. మళ్లీ ఎమ్మెస్సీ చేయాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వెంటనే వద్దు. మీకు కావలసింది పట్టా కంటే ముందు జీవశాస్త్రం. ఇంటర్ బోటనీ, జువాలజీ పుస్తకాల్లోని కణం, అనువంశికత పాఠాలతో మొదలుపెట్టి, డిగ్రీ స్థాయి జెనెటిక్స్ పుస్తకం ఒకటి లెక్కలతో సహా పూర్తి చేయండి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు తొందరపడి ప్రోగ్రాం నడిపేస్తారు. ఫలితం వస్తుంది, దాని అర్థం మాత్రం తెలియదు. రోగుల రిపోర్టుల దగ్గర అది ప్రమాదం. ఆ తర్వాత, ఇప్పుడున్న ఉద్యోగం వదలకుండానే, జీనోమిక్స్ పరిశోధకులు వాడే ఏదైనా ఓపెన్ సోర్స్ సాధనంలో లోపాలు సరిచేయడానికి చేయి కలపండి. మీ పని నలుగురి కళ్లలో పడుతుంది. పరిశోధన వైపే వెళ్లాలని అప్పటికీ అనిపిస్తే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం ఉంది, అక్కడి అధ్యాపకులను కలవండి. జీతం తగ్గుతుందన్న సంగతి ఇంట్లో ముందే చెప్పి, రెండేళ్ల ఖర్చుకు సరిపడా పక్కన పెట్టుకున్నాకే రాజీనామా ఇవ్వండి.